తేలు బండి నూర్చిన ఉలవలు

మా అనంతపురంలో ఎవరైనా కారు కొంటే, బాగుందా అని అడగరు. "ఎంత ఇస్తాది?" అని అడుగుతారు. బర్రెను తోలుకొచ్చినా అదే ప్రశ్న, బోరు వేయించినా అదే ప్రశ్న. ఏమీ ఇవ్వని వస్తువును చేతులారా ఇంటికి తెచ్చుకునేవాడు మా వైపు పుట్టడు. పొరపాటున పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

"లీటరుకు తొమ్మిది" అనేవాణ్ణి. "దాని మనసు బాగుంటే పది."

అడిగినవాడు కాసేపు బండి వంక, ఇంకాసేపు నా వంక చూసి, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడినట్టు గొంతు తగ్గించేవాడు. "పోనీలేప్పా. గట్టి బండేనా మల్ల?"

గట్టిదీ కాదు. ఇటలీ వాళ్ల చిన్న కారు. దూరం నుంచి చూస్తే అద్దెకు తిరిగే బళ్లకు పినతల్లి కొడుకులా ఉండేది. బానెట్ ఎత్తితే మాత్రం నూట నలభై అయిదు గుర్రాల బలమున్న టర్బో ఇంజను. తెల్ల రంగు, పక్కల ఎర్ర చారలు, ముక్కు మీద తేలు బొమ్మ. ఆ తేలు వాళ్ల దేశంలో వేగానికీ పౌరుషానికీ గుర్తట. మా జిల్లాలో తేలు దేనికీ గుర్తు కాదు. రాయి ఎత్తితే ఉండేది తేలు. బండి ఇంటికి తెచ్చిన రోజు పూజ చేయడానికి వచ్చిన మా మేనత్త, పసుపు పెడదామని ముక్కు దగ్గరికి వంగి, గబుక్కున వెనక్కి జరిగి కాలి చెప్పు తీసింది. కొబ్బరికాయ కంటే ముందు చెప్పుదెబ్బ తినకుండా దాన్ని కాపాడింది నేనే. ఆ తర్వాత కూడా దాన్ని కాపాడటమే నా పనైంది.

బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ అతని దగ్గర కొన్నాను. అప్పటికే ఆ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మడం మానేసింది. విడిభాగాలు దొరకవని, దొరికినా మీ ఓపిక మిగలదని ఇంటర్నెట్‌లో చాలామంది రాశారు. ఆ రాతలన్నీ చదివే కొన్నాను. ఈ సంగతి చెప్పకపోతే నేను అమాయకుడిలా కనిపిస్తాను. ఆ గౌరవం నాకు వద్దు.

అతను తాళం చేతికిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. పిల్లను అత్తగారింటికి పంపేవాడిలా అప్పగింతలు చెప్పాడు. పొద్దున్నే లేపగానే పరుగెత్తించొద్దట. ఆపేముందు కాసేపు ఊరికే ఆడనివ్వాలట, టర్బో చల్లబడాలట. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే నేరుగా ఎక్కించొద్దట, అడ్డంగా ఎక్కించాలట. అన్నిటికీ తలూపాను. పెళ్లిలో కూడా అంత శ్రద్ధగా తలూపిన గుర్తు లేదు.

ఎందుకు కొన్నావయ్యా అంటే, మా నాయన దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. ఆయన రైతు. బతికినంత కాలం బోర్లు వేయించాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ల జాడ కోసం పొలమంతా నడిచే మనిషి ఒకడు వచ్చేవాడు. టెంకాయ లేచి నిలబడిన చోటికి రిగ్గు లారీ వచ్చేది. రాత్రంతా రొద, తెల్లటి రాతిపిండి, ఆ పిండి పట్టిన మా నాయన ముఖం. నీళ్లు తప్ప అన్నీ పైకి వచ్చేవి. ఆయన మంచాన పడ్డాక కూడా, ఈశాన్యం మూల ఒకటి వేసి చూద్దామనే అన్నాడు. ఆ ఇంట్లో పెరిగి నేను నేర్చుకున్నది ఒకటే, అక్కరకు రాని దాని మీద ఆశ పెట్టుకోగూడదని. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ పిల్లలకూ అదే నేర్పాను. నా చొక్కాలు, చెప్పులు, స్కూటరు అన్నీ అక్కరకు వచ్చేవే. ఊరికే నచ్చి కొన్న వస్తువు ఇంట్లో ఒక్కటి లేదు. నలభై దాటాక ఒకరోజు ఆ సంగతి గమనించాను. గమనించకుండా ఉండాల్సింది.

మా ఆవిడకు ఇవేవీ చెప్పలేదు. మైలేజీ పన్నెండు అని చెప్పాను. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. నెల తిరక్కముందే అసలు సంఖ్య పట్టుకుంది.

"మీ నాయన భూమిలోకి పోసినాడు, నువ్వు ఇంజన్లోకి పోస్తాండావు" అంది. "ఇద్దరికీ చెమ్మ తగల్లా."

"అది వేరు, ఇది వేరు."

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంట. నీకు ఒకటి గాదు, నూట నలభై అయిదు."

లెక్క ఆమెదే సరి. అయినా బెంగళూరు నుంచి దాన్ని నడుపుకుంటూ వచ్చిన ఆ మధ్యాహ్నం ఆమె పక్కన లేదు. పెనుకొండ దాటాక హైవే ఖాళీ అయింది. మూడో గేరులో కాలు కొంచెం నొక్కాను. మొదట ఏమీ జరగలేదు, ఆఫీసులో అర్జీ ఇచ్చినట్టు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోశారు. గొంతులోంచి నవ్వు వచ్చింది. కారులో ఒక్కణ్ణే కూర్చుని గట్టిగా నవ్వాను. ఈ బండి నా దగ్గర ఉన్నన్నాళ్లూ నేను కోరింది అంతే, ఆ చెయ్యి అప్పుడప్పుడు వీపు మీద పడుతూ ఉండాలి, బండి బతికి ఉండాలి.

బతికించడం ఎంత కష్టమో ఊళ్లోకి రాగానే తెలిసింది. మా జిల్లాలో ప్రతి ఊరికీ తన సొంత స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. సర్కారు వేసేది కాదు. ఒక కోడిపిల్ల చచ్చిన మరుసటి రోజు ఊరి జనమే మట్టి, కంకర కలిపి ఒక కొండను నిలబెడతారు. వాటి మీద నా బండి పీతలా అడ్డంగా పాకేది. వెనక ట్రాక్టర్ల వాళ్లు హారన్ కొట్టేవాళ్లు. ముందు పశువులు ఆగి చూసేవి.

మెకానిక్ దొరకడం ఇంకో ముచ్చట. రాప్తాడు దగ్గర జీపులూ ట్రాక్టర్లూ బాగుచేసే భాయ్ ఒకడున్నాడు. ఏ బండి వచ్చినా వద్దనని మనిషి.

"ఫికర్ ఎందుకు సార్" అన్నాడు మొదటి రోజు. "ఇంజనంటే ఇంజనే. ఇటలీదైతే ఏమి, రాప్తాడుదైతే ఏమి."

బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పైన కప్పి ఉన్న నల్లటి ప్లాస్టిక్ మూతను వేలితో తట్టాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు.

"సార్, ఇంజను యాడుండాది?"

అక్కణ్నుంచి మొదలుపెట్టి ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. అతను విప్పేవాడు. నేను ఫోనులో వీడియో పెట్టి చూపించేవాణ్ణి. ఇటాలియన్‌లో మాట్లాడే ఒకాయన వీడియోలు అతనికి బాగా నచ్చేవి. "ఈన బాగా చెప్తాడు సార్" అనేవాడు. ఒక్క ముక్క ఇద్దరికీ అర్థమయ్యేది కాదు. బిగించాక రెండు బోల్టులు మిగిలితే, "కంపెనీ వాళ్లు ఎక్స్‌ట్రా ఇస్తారు సార్, మంచోళ్లు" అని గల్లా పెట్టెలో వేసుకునేవాడు. బెంగళూరు పాత సామాన్ల బజారులో ఏదైనా భాగం దొరికితే, దాన్ని బస్సు పార్శిల్లో వేయించుకుని, బస్టాండులో పెళ్లివారి కోసం ఎదురుచూసినట్టు చూసేవాణ్ణి. వచ్చేది సగం సార్లు వేరే బండిది. భాయ్ దాన్ని కూడా రంపంతో కోసి, ఎట్లాగో పట్టించేవాడు.

ఒకసారి తాడిపత్రి రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఒకటి బండి కడుపును గీరేసింది. ఇంజను కింద ఉండే ప్లాస్టిక్ పలక ముక్కలైంది. దేశమంతా వెదికినా అది దొరకలేదు. భాయ్ లోపలికి పోయి, పోయిన ఎలక్షన్ల ఫ్లెక్సీ ఒకటి తెచ్చి, మడతలు పెట్టి, ఇనుపతీగతో కింద కట్టేశాడు. చేతులు జోడించి నవ్వుతున్న నాయకుడు ఒకాయన అప్పటి నుంచి నా బండి కింద పడుకుని రోడ్డుకు నమస్కారం పెడుతూ తిరిగాడు.

"తాత్కాలికం సార్" అన్నాడు భాయ్.

మా జిల్లాలో కరువును కూడా తాత్కాలికమనే అంటారు.

"ఒకటి మాత్రం యాదిలో పెట్టుకో సార్. ఉలవ కట్టె మీద ఎక్కించొద్దు. నీ పొగగొట్టం కొలిమి మాదిరి కాల్తాది. కట్టె చుట్టుకుంటే ఇంగ అంతే."

ఇది తెలియని వాళ్ల కోసం చెప్పాలి. మా వైపు ఉలవ చెట్లను పీకి ఎండబెడితే అదే కట్టె. దాన్ని కళ్లంలో నూర్చే పని ఇప్పుడు తగ్గిపోయింది. ఊరి ముందు తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు, ఆటోలు, ఎవరు పోతే వాళ్లు తొక్కుతారు. కాయలు పగిలి గింజలు రాలతాయి. రైతు అంచున నిలబడి, బళ్ల మధ్య సందు చూసుకుని, కొస రెండుగా చీలిన పంగకట్టెతో తిరగేస్తాడు. రోడ్డు పన్ను ఎవరు కట్టినా నూర్పిడి అందరిదీ. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. తొక్కకుండా ఆగే బండిని మాత్రం వింతగా చూస్తారు.

నేను కాలేజీకి పోయే దారిలో ఒక ఊరు. ఆ ఊరి ముందు ఏటా చలికాలంలో ఒకావిడ ఉలవలు పరిచేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. భర్త లేడు. కూతుళ్లు అత్తగారిళ్లలో ఉన్నారు. ఆమెకు ఆ రోడ్డు పక్కనే నాలుగెకరాల మెట్ట. మొదటిసారి నేను బండి ఆపి దిగితే, పంగకట్టె భుజాన వేసుకుని వచ్చింది.

"ఏం సారూ, దిగితివే? చెడిపోయినాదా?"

"లేదక్కా. కట్టె రవ్వంత పక్కకు లాగితే పోతా."

"యాల? బస్సు పోతాండాది, లారీలు పోతాండాయి. తొక్కాలనే గదా పరిచింది. నీ బండికి కాళ్లు కాల్తాయా?"

"కడుపు కాల్తాదక్కా. కింద గొట్టం వేడిగుంటాది. కట్టె చుట్టుకుంటే మంట లేస్తాది."

ఆమె వంగి బండి కిందికి చూసింది. ఫ్లెక్సీలోని నాయకుడు ఆమెకు నమస్కారం పెట్టి ఉంటాడు.

"ఇంత కిందికి దిగిన కడుపు చూడి మేకక్కూడా ఉండదు. చూసే కొంటివా?"

"చూసే కొన్నా."

"చదువుకున్నోడివి గదా" అని తనలో తానే సమాధానపడి, పంగకట్టెతో దారి చేసింది. రోడ్డుకు అటువైపు కట్టె తిరగేస్తున్న వాళ్లకు వినబడేలా కేక వేసింది. "జరగండప్పా, తేలు సార్ వచ్చినాడు!"

ఆ పేరు ఆ ఊరు దాటి కాలేజీ దాకా నాకంటే ముందే పోయింది. ఏటా చలికాలంలో ఇదే తంతు. నేను ఆగడం, ఆమె తిట్టడం, దారి చేయడం. ఒక ఏడు నేను సంక్రాంతి దాకా కనిపించకపోతే, "తేలు చచ్చిపోయిందేమో అనుకొంటి" అంది. ఆ మాటలో కొంచెం బెంగ ఉన్నట్టు నాకు వినబడింది. నాకు అక్కడక్కడ అట్లా వినబడుతుంటుంది.

ఆ తర్వాతి ఏడు వాన ముఖం చాటేసింది. మృగశిరలో విత్తిన చెనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే సమయానికి మబ్బు కూడా కనబడలేదు. చేన్లను గొర్రెలకు వదిలేశారు. ఉత్తర కార్తెలో ఒక చిన్న జల్లు పడితే, ఇక మిగిలింది ఉలవలే కాబట్టి అందరూ ఉలవలు చల్లారు. మా దగ్గర ఉలవలంటే పంట కాదు. పంట పోయిందని ఒప్పుకోవడం. రాళ్లలో కూడా వస్తాయి, మంచు తాగి బతుకుతాయి. ఆమెకు కూడా ఆ ఏడు ఇంట్లోకి వచ్చేది ఆ ఉలవలొక్కటే.

అదే ఏడు హైవే నుంచి కాలేజీ వైపు కొత్త రోడ్డు పడింది. బస్సులు, లారీలు అటు మళ్లాయి. పాత రోడ్డులో తిరిగేది మోటారు సైకిళ్లు, మేకలు, నేను. కొత్త రోడ్డు మీద కొండల్లాంటి స్పీడ్ బ్రేకర్లు ఏడెనిమిది లేచాయి కాబట్టి, బండి కోసం నేను పాత దారినే పోయేవాణ్ణి.

ఆ రోజు మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తున్నాను. తూర్పున మబ్బు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమట. మా పంటకు కావాల్సినప్పుడు ఎప్పుడూ దారి తెలియని వాన, కోత కోశాక మాత్రం వెదుక్కుంటూ వస్తుంది. ఆమె ఉలవ కట్టె రోడ్డు మీద జానెడెత్తున పరిచి ఉంది, తొక్కినవాడు లేడు. ఒక్కతే కర్రతో బాదుతోంది. నన్ను చూసి కర్ర పక్కన పడేసి, రోడ్డు మధ్యకు వచ్చి నిలబడింది.

"ఈ పొద్దు దారి చేసేది లేదు సారూ."

"అక్కా, నీకు తెలుసు గదా."

"తెలుసు. పొద్దున్నుంచి ఒక్క బండి రాలా. ట్రాక్టర్ వాన్ని పిలిస్తే రేపంటాడు. రేపటికి ఆ మబ్బు ఆగుతాదా? తడిస్తే ఈడనే మొలకెత్తి కుళ్లిపోతాది." కట్టెను కాలితో బండి ముందుకు నెట్టింది. "ఇన్నేండ్లు నీకు దారి చేసినా. ఒక్క తూరి కట్టె తొక్కు."

ఎకనామిక్స్ చెప్పేవాడికి కూడా అర్థమయ్యే లెక్క అది. నేను నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ మనసులో తిప్పుకున్నాను. మెల్లగా పోవాలి. నాలుగు చుట్లు తిప్పాక పక్కన తీసి, కిందికి దూరి, చుట్టుకున్న కట్టెను చేత్తో లాగేయాలి. గొట్టం చల్లబడనివ్వాలి. మళ్లీ నాలుగు. అట్లా చేస్తే ఏమీ కాదు. ఆమె పంగకట్టె తీసుకుంది. నేను మొదటి గేరు వేశాను.

మొదట అంతా పద్ధతిగానే జరిగింది. నా బండి టైర్లు వెడల్పుగా ఉంటాయి. మలుపుల్లో రోడ్డును వదలకుండా పట్టుకోవడానికి ఇటలీ వాళ్లు అట్లా పెట్టారు. ఉలవకాయల మీద అవి ఎంత బాగా పనిచేస్తాయో వాళ్లకు తెలియదు. చిటపటమని కాయలు పగిలిన శబ్దం సీటు కింద నుంచి వినబడింది. రెండోసారి ఆపి కిందికి దూరి కట్టె లాగుతుంటే, ఆమె వంగి గుప్పెడు గింజలు ఎత్తి చూపింది.

"చూడు సారూ! బస్సు పది తూర్లు తొక్కినా ఇంత రాలవు. ఇన్నాళ్లు యాడ పెట్టింటివప్పా ఈ బండిని?"

నాకు ఏమి పట్టిందో చెప్పలేను. చెప్పగలను, చెప్పడం ఇష్టం లేదు. కొన్న రోజు నుంచి ఆ బండిని ఒక్క మనిషి మెచ్చుకోలేదు. ఇంట్లో, కాలేజీలో, పెట్రోలు బంకులో, మెకానిక్ షెడ్డులో కూడా జాలి పడటమే. మొదటిసారి ఒకరు దాన్ని అక్కరకు వచ్చిందన్నారు. పైగా మబ్బు రాప్తాడు మీదికి వచ్చేసింది. ఇక ఆపి దూరడం, చల్లబరచడం అన్నీ ఆలస్యమనిపించింది. అటు చివర తిప్పడం, ఇటు రావడం. నూట నలభై అయిదు గుర్రాలు రెండెడ్ల పని చేస్తూ, ఎడ్ల కంటే ఎక్కువ సంతోషించాయి. నేను కూడా నవ్వాను. పెనుకొండ దగ్గర నవ్విన నవ్వే.

"సారూ, పొగ!"

దుమ్మనుకున్నాను. ఆమె మళ్లీ అరిచింది. దిగి వంగి చూశాను. కట్టె గుత్తులు గుత్తులుగా గొట్టానికి చుట్టుకుని, మధ్యలో ఎర్రగా ఒకటి కదులుతోంది. ఫ్లెక్సీ కరిగి, మండే చుక్కలుగా కింద ఎండిన కట్టె మీద పడుతోంది. పడిన చోటల్లా ఒక చిన్న మంట కూర్చుంటోంది.

రోడ్డు పక్క మన్ను గుప్పిట్లో తీసి విసిరాను. మా నేల మన్ను కాదు, రాళ్లు. అవి బండికి తగిలి టంగుమని కింద పడ్డాయి. కానుగ చెట్టు కింద ఆమె తాగడానికి తెచ్చుకున్న నీళ్ల బిందె ఉంది. దగ్గర్లో ఉన్న నీళ్లు అవే.

"అక్కా, నీళ్లు!" అని అరిచాను.

ఆమె బిందె ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. బండి దగ్గరకు వచ్చి నిలబడింది. నేను రెండు చేతులూ చాపాను. ఆమె బండి వంక చూసింది. వెనక్కి తిరిగి కట్టె వంక చూసింది. ఎక్కువసేపు ఏం చూడలేదు. బిందెను వంచి, బండికీ మిగిలిన కట్టెకూ మధ్య ఒక గీత గీసినట్టు ఆ నీళ్లన్నీ కట్టె మీద పోసేసింది. ఆ తర్వాత పంగకట్టె అందుకుని, తడిసిన చోటి నుంచి పొడి కట్టెను వెనక్కి లాగడం మొదలుపెట్టింది. నా వైపు మళ్లీ చూడలేదు.

నా చేతులు చాపే ఉన్నాయి. కాసేపటికి దించుకున్నాను.

బానెట్ సందుల్లోంచి నల్లటి పొగ లేచింది. ముక్కు మీది తేలు మొదట ఉబ్బింది, తర్వాత ముడుచుకుంది. అక్కడ నాకు ఇక పని లేదు. అందుకని పోయి ఆమెతో పాటు కట్టె లాగాను. చేతులు గీరుకుపోయాయి. వెనక టైర్లు ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంటే, ఆమె ప్రతిసారీ ఉలిక్కిపడింది. నేను పడలేదు. మోటారు సైకిలు మీద వచ్చినవాడొకడు దిగి, సహాయం చేయబోతున్నాడనుకునేలోపు ఫోను తీసి వీడియో పట్టాడు. సాయంత్రానికి మా విద్యార్థులందరి దగ్గర ఉంది అది. కింద ఎవరో రాశారట, తేలును కాల్చేశారు, మంచిపని అని.

బండి పూర్తిగా కాలి, ఇనుము మిగిలాక వాన మొదలైంది. పెద్ద వాన. ఎర్రగా కాగిన ఇంజను మీద చినుకులు చుయ్యిమంటుంటే, మేమిద్దరం కానుగ చెట్టు కింద నిలబడి చూశాం. మేము కాపాడిన కట్టె కూడా తడిసింది. అంతకుముందు రాలిన గింజల్లో ఆమె చీర కొంగులో, నేను నా చొక్కాలో ఎత్తిపోసుకున్నవే మిగిలాయి.

మా ఆవిడ ఆటోలో వచ్చింది. నా చేతులు, ముఖం తడిమి చూసింది. "నీకేమీ కాలేదు గదా?" అంది. కాలేదన్నాను. "పోనీలే" అంది. ఆ తర్వాత బండి వంక చూసింది. ఆ క్షణంలో ఆమె ముఖం మీద కనబడింది నిశ్చింత. దాచుకోవాలని చూసింది పాపం. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

ఇన్సూరెన్సు వాళ్లు పంపిన మనిషి మసి మీద గొడుగు పట్టుకుని తిరిగి, ఎట్లా జరిగిందని అడిగాడు. చెప్పాను. సొంత కారును వ్యవసాయ పనికి వాడారు కాబట్టి వర్తించదన్నాడు. అన్నేళ్లలో ఆ బండిని పనికొచ్చే వాహనమని కాగితం మీద ఒప్పుకున్నది వాళ్లే, అందుకే ఏమీ ఇవ్వలేదు. భాయ్ వచ్చి చుట్టూ తిరిగి, టోపీ తీసి తల గోక్కుని, "ఇంజను మాత్రం బాగుండాది సార్" అన్నాడు. ఏ బండి వచ్చినా వద్దనని మనిషని ముందే చెప్పాను.

తర్వాత అందరూ కొనే కారే కొన్నాను. ఎత్తుగా, బూడిద రంగులో ఉంటుంది. కొత్త రోడ్డులో ఏ స్పీడ్ బ్రేకరైనా నిద్రలో నడిచినట్టు దాటేస్తుంది. ఎంత ఇస్తాదని అడిగితే ఇరవై రెండు అంటున్నాను. "భేషప్పా, ఇప్పుడు దారికొస్తివి" అంటున్నారు. ముక్కు మీద ఏ పురుగూ లేదు. కాలు నొక్కితే ఎవరూ వీపు మీద చెయ్యి వేయరు.

మాఘమాసంలో ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. తేలు సార్ ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు, బండి లేకపోయినా. చంకలో చిన్న మూట. మా ఆవిడ కూర్చోమని చాప వేసి, కాఫీ ఇచ్చింది.

"ఉలవలు సారూ. నీ బండి నూర్చినవి" అంది మూట ముందుకు జరుపుతూ. "మార్కెట్లో ఎవరూ తీసుకోలా. పొగ వాసనంట, రబ్బరు వాసనంట. అందుకే నీకు తెస్తి."

ఇంత నిజాయితీగా ఇచ్చిన కానుక నాకు ఇంతవరకు రాలేదు.

కాఫీ ఊదుకుని సగం తాగింది. "ఆ పొద్దు నీళ్లు..." అని ఆగింది.

నేను పెద్దమనిషిలా అన్నాను. "ఆ బిందెడు నీళ్లకు ఆరేది కాదులే అక్కా."

"అవును" అంది వెంటనే. "నాకూ తెలుసు. ఆరేటట్లున్నా పోసింటానో లేదో మల్ల."

గ్లాసు కింద పెట్టి, కొంగు దులుపుకుని, బస్సుకు పొద్దు పోతోందని లేచిపోయింది. క్షమించడానికి సిద్ధంగా కూర్చున్నవాణ్ణి అట్లాగే కూర్చుని ఉన్నాను. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణని చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చాపిన చేతులే గుర్తొస్తాయి.

మా ఆవిడ ఆ ఉలవలు రాత్రంతా నానబెట్టి గుగ్గిళ్లు చేసింది. ఎండుమిరపకాయ, ఎర్రగడ్డ వేసి తిరగమోత పెట్టింది. ఎంత పెట్టినా ఆ వాసన పోలేదు. ముందు పొగ, వెనక రబ్బరు, అన్నిటికంటే కింద ఎక్కడో వేడెక్కిన ఇంజను నూనె. ఆ చివరిది నేనొక్కణ్ణే గుర్తుపట్టాను.

"తినలేకపోతే పారేస్తాను" అంది ఆవిడ.

"ఇంకొంచెం పెట్టు" అన్నాను.

అన్నేళ్లు అందరూ అడిగిన ప్రశ్నకు జవాబు నా ముందు ప్లేట్లో ఉంది. ఆ బండి రెండు పడుల ఉలవలు ఇచ్చింది. తిన్నన్ని తిన్నాను. మిగిలినవి వెనక వీధి బర్రెకు పెట్టించాం. అది ఒకసారి వాసన చూసి, నా వంక చూసి, మూతి పక్కకు తిప్పుకుంది.